సైబర్‌పంక్ 2077: ఆడేవారికీ వాటాదారులకూ ఇచ్చిన ఒకే తేదీ

సైబర్‌పంక్ 2077 అనే వీడియో గేమ్ ఆడేటప్పుడు నేను అన్నిటికన్నా ఇష్టంగా చేసే పని, వాన పడుతున్న రాత్రి బండిని ఒక పక్కన ఆపి జపాన్‌టౌన్ సందుల్లో ఏ పనీ పెట్టుకోకుండా నడవడం. తడిసిన నేల మీద రంగురంగుల దీపాల వెలుగు కదులుతూ ఉంటుంది. తల ఎత్తితే ఆకాశం సరిగా కనిపించనంత ఎత్తుకు కట్టడాలు లేచి ఉంటాయి. నగరాన్ని ఇంత దట్టంగా, ఇంత శ్రద్ధగా అల్లిన ఆటలు నేను చాలా తక్కువ చూశాను. ఇదే ఆటను 2020 డిసెంబరులో, విడుదలై వారం దాటగానే, సోనీ తన ఆన్‌లైన్ దుకాణం నుంచి తొలగించింది. ఒకే ఆట గురించి ఈ రెండు మాటలూ ఎలా నిజమయ్యాయో చెప్పకుండా దాన్ని సమీక్షించడం సరికాదని నా నమ్మకం. కోడు రాసినవారి నైపుణ్యానికి లోటు లేదని ఈనాటి ఆటే సాక్ష్యం చెబుతోంది. లోటంతా విడుదల తేదీ దగ్గర వచ్చింది. ఆ తేదీని, ఆటను తయారుచేసిన పోలాండ్ కంపెనీ సీడీ ప్రాజెక్ట్ ఒకే నోటితో ఆడేవారికీ, తన షేర్లు కొన్న మదుపరులకూ మాటగా ఇచ్చింది. ఆ ఇద్దరి అవసరాలూ ఒకటి కాకుండా పోయిన రోజున ఎవరి మాట నెగ్గిందో కొనుగోలుదారులు తమ తెరల మీద చూశారు.

ముందుగా వస్తువు సంగతి. ఈ సమీక్షకు ఆధారం 2023 సెప్టెంబరు 21న వచ్చిన 2.0 ప్యాచ్ (విడుదలైన ఆటను సరిదిద్దే కొత్త కూర్పు) తర్వాతి రూపం, దానితోపాటు విడిగా కొనవలసిన ఫాంటమ్ లిబర్టీ అనే విస్తరణ. కథ కాలిఫోర్నియా తీరంలోని నైట్ సిటీ అనే కల్పిత నగరంలో జరుగుతుంది. ఆడేవారు ‘వీ’ అనే కిరాయి మనిషి పాత్రలో ఉంటారు. స్నేహితుడు జాకీ వెల్స్‌తో కలిసి కొన్‌పెకి ప్లాజా అనే హోటల్లో ఒక చిప్పును దొంగిలించబోయి, అది తన తలలోనే ఇరుక్కుపోగా, అందులో దాగిన జానీ సిల్వర్‌హ్యాండ్ అనే చనిపోయిన రాక్ గాయకుడి స్పృహ తన మెదడును కొద్దికొద్దిగా ఆక్రమించుకుంటూ ఉండగా, మిగిలిన కొద్దికాలంలో బతికే దారి వెతుక్కోవలసిన స్థితి వీది. జానీగా కియాను రీవ్స్ నటించారు. మొదట చిరాకు తెప్పించే ఆ గొంతు, నలభై యాభై గంటలు గడిచేసరికి విడిచిపెట్టలేని తోడుగా మారడం ఈ రచన సాధించిన గొప్ప విషయాల్లో ఒకటి. పక్క కథల్లో జూడీ, పానమ్ వంటి పాత్రలకు ఇచ్చిన ఓపికైన రాత, ముఖ్యంగా వారు మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆగిపోయే తీరు, నాకు ముఖ్యకథ కన్నా ఎక్కువ గుర్తుండిపోయాయి.

2.0 ప్యాచ్ ఆట లోపలి యంత్రాంగాన్ని దాదాపు కొత్తగా కట్టింది. నైపుణ్యాల చెట్లను, అంటే పాత్ర ఒకదాని తర్వాత ఒకటిగా శక్తులు పెంచుకునే క్రమాన్ని, పూర్తిగా మార్చారు, శరీరంలో అమర్చుకునే యంత్ర భాగాలకు ఒక పరిమితి పెట్టారు, నడుస్తున్న బండిలోంచి పోరాడే వీలు కల్పించారు, నేరం చేసిన చోట శూన్యంలోంచి ఊడిపడే పోలీసుల స్థానంలో వెంబడించి పట్టుకునే పోలీసులను తెచ్చారు. ఆ తర్వాత డిసెంబరులో వచ్చిన 2.1తో, మొదటి నుంచీ ఊరి మీదుగా పట్టాలు కనిపిస్తూ ఉన్న మెట్రో రైలు ఎక్కడానికి కూడా వీలయింది. ఫాంటమ్ లిబర్టీలో డాగ్‌టౌన్ అనే గోడల మధ్యనున్న పేట, అక్కడ కూలిన విమానంలోంచి దేశాధ్యక్షురాలిని కాపాడే పని, ఇద్రిస్ ఎల్బా నటించిన సోలొమన్ రీడ్ అనే గూఢచారి, సాంగ్‌బర్డ్ అనే హ్యాకరు ఉన్నారు. వీరిద్దరిలో ఎవరిని నమ్మినా మనసు కుదుటపడదు. ఆ అశాంతిని చివరిదాకా నిలిపిన తీరు చాలా గొప్పది.

లోపం కూడా చెప్పాలి. వీ గతాన్ని సంచారిగా, వీధి పిల్లగా, కార్పొరేట్ ఉద్యోగిగా మూడు రకాలుగా ఎంచుకోవచ్చు. అయితే ఎంచుకున్న గతం అరగంటలో ముగిసిపోయి, జాకీతో గడిచిన నెలలన్నీ గబగబా సాగే దృశ్యమాలికగా దొర్లిపోతాయి. అక్కడ ఒక పెద్ద అధ్యాయానికి చోటు ఉందని, దాన్ని పెంచే వ్యవధి దొరకలేదేమోనని ప్రతిసారీ అనిపిస్తుంది. ఇది నా ఊహ మాత్రమే. తొలి రూపంలోని మిగతా లోపాలకు మాత్రం ఊహ అక్కర్లేదు, అవి బహిరంగంగా నమోదై ఉన్నాయి.

2020 డిసెంబరు 10న ఆట విడుదలైనప్పుడు, 2013లో వచ్చిన ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్ యంత్రాల మీద అది ఆడదగిన స్థితిలో లేదు. బొమ్మ మసకబారేది, కదలిక తడబడేది, ఆట మధ్యలో మూతపడేది. సమీక్షకులకు విడుదలకు ముందు పీసీ రూపాన్ని మాత్రమే ఇచ్చారు. వారు తమ సొంత ఆటలోంచి తీసిన దృశ్యాలను చూపకుండా కంపెనీ ఇచ్చిన వాటినే వాడాలని షరతు పెట్టారు. అందువల్ల పాత కన్సోల్ ఉన్న కొనుగోలుదారుకు తాను ఏం కొంటున్నాడో తెలుసుకునే దారి విడుదల రోజుదాకా లేకుండా పోయింది. అప్పటికే 80 లక్షల ముందస్తు ఆర్డర్లు వచ్చి ఉన్నాయి. నాలుగు రోజులకు, డిసెంబరు 14న, సీడీ ప్రాజెక్ట్ క్షమాపణ చెప్పి, కావలసినవారు డబ్బు వెనక్కి తీసుకోవచ్చని ప్రకటించింది. ఆ వారంలోనే ఆట సోనీ దుకాణం నుంచి పోయి, 2021 జూన్ 21 దాకా తిరిగి రాలేదు. సమీక్ష రాసేవాడిగా నన్ను ఇప్పటికీ ఎక్కువ బాధించేది ఆ షరతే. బగ్గులను తర్వాత సరిచేయవచ్చు. కొనేముందు తెలుసుకునే హక్కును మాత్రం తర్వాత తెచ్చి ఇవ్వలేరు.

ఇప్పుడు తేదీల కథ. ఈ ఆటను 2012లో ప్రకటించారు. 2013 జనవరిలో వచ్చిన తొలి ప్రచార చిత్రం చివర తేదీకి బదులు, సిద్ధమైనప్పుడు వస్తుందన్న మాట మాత్రమే ఉంది. ఆ మాట ఆరేళ్లకు పైగా నిలిచింది. 2019 జూన్‌లో ఈత్రీ అనే వీడియో గేమ్‌ల ప్రదర్శన వేదిక మీద కియాను రీవ్స్ కనిపించిన అదే రోజున 2020 ఏప్రిల్ 16 అనే తేదీ బయటికి వచ్చింది. 2020 జనవరిలో దాన్ని సెప్టెంబరు 17కు జరిపారు, జూన్‌లో నవంబరు 19కి జరిపారు. అక్టోబరు మొదట్లో ఆట ‘గోల్డ్’ అయిందని, అంటే డిస్కుల మీద అచ్చు వేయడానికి తగిన రూపం ఖరారైందని ప్రకటించారు. అదే అక్టోబరు 27న మరో 21 రోజులు వాయిదా వేశారు. దానికి ముందు రోజే, తేదీ ఖాయమేనా అని అడిగిన ఒక అభిమానికి కంపెనీ ఖాతా నుంచి ఖాయమని జవాబు వెళ్లింది.

ఆ ఒక్కరోజు తేడాను అప్పట్లో చాలామంది అబద్ధమని తిట్టారు. నాకు అందులో మోసం కన్నా స్టాక్ మార్కెట్ పనితీరు ఎక్కువగా కనిపిస్తుంది. సీడీ ప్రాజెక్ట్ వార్సా స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో నమోదైన కంపెనీ. ఐరోపా సమాఖ్యలో 2016 జూలై నుంచి అమల్లో ఉన్న మార్కెట్ దుర్వినియోగ నిరోధక నిబంధన ప్రకారం, షేరు ధరను కదిలించగల సమాచారాన్ని ముందుగా కొందరికి చెప్పి మిగతావారికి తర్వాత చెప్పడం కుదరదు. అందరికీ ఒకేసారి చెప్పాలి. ఒకే ఆట మీద కంపెనీ విలువంతా ఆధారపడినప్పుడు ఆ ఆట తేదీ కన్నా ధరను కదిలించే సమాచారం వేరే ఏముంటుంది? కాబట్టి వాయిదా నిర్ణయం మొదట వాటాదారుల కోసం రాసే అధికారిక నివేదికగా పుడుతుంది. ప్రచార విభాగంలో అభిమానులకు జవాబులు రాసేవారికీ, రాత్రింబగళ్లు కోడు దిద్దేవారికీ అది దాదాపు బయటి ప్రపంచంతోపాటే తెలుస్తుంది. అక్టోబరు వాయిదా ఉద్యోగుల్లో ఎక్కువమందికి అలాగే తెలిసిందని అప్పుడు పత్రికల్లో వచ్చింది. ఆ నిబంధన మంచిదే, చిన్న మదుపరులను కాపాడేదే. అయితే దాని నీడలో ఒక విచిత్రమైన సంగతి జరుగుతుంది: ఆట ఎంతవరకు వచ్చిందో దగ్గరుండి చూసేవారికి తేదీ గురించి చెప్పే అవకాశం ఉండదు, తేదీ గురించి చెప్పే బాధ్యత ఉన్నవారు ఆ పనికి దూరంగా ఉంటారు.

బయటి మదుపరి అనగానే బల్ల గుద్ది ఆజ్ఞలిచ్చే మనిషిని ఊహించుకోవడం మనకు అలవాటు. ఇక్కడ అలాంటి మనిషి లేడు. 1994లో మార్చిన్ ఇవిన్‌స్కీ, మిహావ్ కిచిన్‌స్కీ స్థాపించిన ఈ కంపెనీలో, విడుదల నాటికి కూడా దాదాపు మూడో వంతు షేర్లు స్థాపకుల, యాజమాన్య సభ్యుల చేతుల్లోనే ఉన్నాయి. ఏ నిధి సంస్థా వారిని పక్కకు నెట్టగల స్థితిలో లేదు. మరి ఒత్తిడి ఎక్కడి నుంచి వచ్చింది? అది అంచనాల నుంచి వచ్చింది. విశ్లేషకులు ఆట ఎన్ని లక్షల ప్రతులు అమ్ముడవుతుందో లెక్కగట్టి, ఆ లెక్కను ఒక ఏడాది ఖాతాలో వేసి, దానికి తగిన ధర షేరుకు ముందే పెట్టేస్తారు. 2020లో ఒక దశలో ఈ కంపెనీ యుబిసాఫ్ట్‌ను దాటి ఐరోపా ఆటల కంపెనీల్లో అత్యంత విలువైనదిగా నిలిచింది. ఇంకా రాని ఆట విలువను మార్కెట్ అప్పటికే ఇచ్చేసింది. ఇక మిగిలింది దాన్ని బాకీ తీర్చినట్టు తీర్చడమే. వాయిదా పడ్డ ప్రతిసారీ షేరు పడేది, విడుదల దగ్గరపడుతున్నకొద్దీ లేచేది. ఎవరూ ఆజ్ఞ ఇవ్వనవసరం లేకుండానే ఆ ధరల పట్టిక రోజూ ఒక మాట చెబుతూ ఉంటుంది, ఆ మాటను వినేవారి సొంత ఆస్తి కూడా అందులోనే ఉంటుంది.

దీనికి ప్రోత్సాహకాలు తోడయ్యాయి. ఉద్యోగుల బోనసులను గడువుకు విడుదల చేయడానికీ, విమర్శకుల సగటు మార్కు 90 దాటడానికీ ముడిపెట్టిన పద్ధతి ఒకటి ఉండేదని, విడుదలైన వెంటనే ఆ మార్కు షరతును ఎత్తివేశారని బ్లూమ్‌బర్గ్ వార్తాసంస్థ రాసింది. తప్పనిసరి అదనపు పని ఉండదని 2019లో యాజమాన్యం మాట ఇచ్చింది. 2020 సెప్టెంబరు చివరలో వారానికి ఆరు రోజుల పని మొదలైంది. తర్వాతి నెలలో మదుపరులతో మాట్లాడుతూ ఆ అదనపు పని అంత దారుణమేమీ కాదని కంపెనీ అప్పటి సహ సీఈఓ ఆడమ్ కిచిన్‌స్కీ అన్నారు, ఆపై ఉద్యోగులకు క్షమాపణ రాశారు. ఆ మాట ఏ సభలో పుట్టిందో గమనించాలి. ఉద్యోగుల ముందు ఆయన అలా మాట్లాడి ఉండేవారు కాదు. మదుపరులు అడిగేది ఖర్చు గురించీ గడువు గురించీ; వారికి ధైర్యం చెప్పే భాష వేరుగా ఉంటుంది, ఆ భాష అలవాటైన నోరు మిగతా చోట్ల కూడా అలాగే మాట్లాడుతుంది.

పాత కన్సోళ్ల నిర్ణయాన్ని కూడా ఇదే వెలుగులో చూడాలి. 2020 నవంబరు 10న ఎక్స్‌బాక్స్ కొత్త యంత్రాలు, 12న ప్లేస్టేషన్ 5 వచ్చాయి. ఆటను కొత్త యంత్రాలకూ పీసీకీ పరిమితం చేసి, పాతవాటిని వదిలేసి ఉంటే సాంకేతికంగా సగం కష్టం తీరేదని నా అభిప్రాయం. అది కుదరలేదు. ప్లేస్టేషన్ 4 ఒక్కటే పది కోట్లకు పైగా ఇళ్లలో ఉంది, కొత్తవి ఇంకా దుకాణాల్లో దొరకడమే కష్టంగా ఉంది, ముందస్తు డబ్బు పాత యంత్రాల పేర కూడా వసూలైంది, ఈ ఆట పేరుతో ప్రత్యేక రంగులద్దిన ఎక్స్‌బాక్స్ వన్ ఎక్స్ యంత్రాన్ని కూడా అమ్మారు. పైగా డిసెంబరు దాటితే క్రిస్మస్ అమ్మకాలు పోతాయి, ఏడాది లెక్క మారిపోతుంది. నవంబరు చివరలో మదుపరులతో జరిగిన సంభాషణలో, పాత కన్సోళ్ల మీద ఆట ఆశ్చర్యపడేంత బాగా నడుస్తోందని కిచిన్‌స్కీ చెప్పారు. రెండు వారాలకే కొనుగోలుదారులు ఆ ఆటను తెరిచి చూశారు. కాలని కుండలో నీళ్లు పోసి ఇంటికి పంపినట్టయింది.

క్షమాపణ చెప్పిన తర్వాత యాజమాన్యం మదుపరులతో అత్యవసరంగా మాట్లాడింది. మూడు వాయిదాల తర్వాత తాము విడుదల మీదే ఎక్కువగా దృష్టి పెట్టామని, పాత కన్సోళ్లకు ఇంకా సమయం కావాలన్న సంకేతాలను పట్టించుకోలేదని కిచిన్‌స్కీ ఒప్పుకున్నారు. ఆ సంభాషణలోనే, ఏ విడుదలకైనా మామూలుగా ఉండే ఒత్తిడి తప్ప వేరే ఒత్తిడి ఏదీ లేదని కూడా యాజమాన్యం చెప్పింది. ఈ రెండు మాటలనూ నేను నమ్ముతాను. ఒత్తిడి మామూలుదే. రోజూ ఉండేది కాబట్టి దాన్ని ఎవరూ ఒత్తిడిగా గుర్తించరు, మూడుసార్లు మాట తప్పినవాడు నాలుగోసారి తప్పడానికి సిగ్గుపడి, సిద్ధం కాని పనిని సిద్ధమైందని తనకు తానే చెప్పుకుంటాడు.

ఆ తర్వాత జరిగింది మదుపరులకు కూడా మేలు చేయలేదు. విడుదలకు ముందు శిఖరానికి చేరిన షేరు డిసెంబరులోనే దారుణంగా పడింది. 2020 డిసెంబరు 24న కాలిఫోర్నియా కోర్టులో వాటాదారుల తరఫున దావా పడింది. పాత కన్సోళ్ల మీద ఆట స్థితిని దాచి తమను తప్పుదోవ పట్టించారన్నది ఫిర్యాదు. ఏడాది తర్వాత 18.5 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. ఈ దావాను నేను చాలా ముఖ్యమైన పత్రంగా భావిస్తాను, ఎందుకంటే ఆడేవారూ వాటాదారులూ ఎదురెదురు పక్షాలన్న సులువైన నమ్మకాన్ని అది చెదరగొడుతుంది. తేదీని కోరుకున్నవారే ఆ తేదీకి వచ్చిన వస్తువును చూసి నిజం ఎందుకు చెప్పలేదని కోర్టుకు వెళ్లారు. అయితే లెక్కల పుస్తకం మాత్రం వేరే కథ చెప్పింది. 2020లో 1.37 కోట్ల ప్రతులు అమ్ముడయ్యాయి, వాటిలో సగానికి పైగా పీసీవి. నికర లాభం 115 కోట్ల జ్లోటీలు (పోలాండ్ కరెన్సీ) దాటింది, అది అప్పటికి కంపెనీ చరిత్రలోనే అత్యధికం. ఆ ఏడాది ఖాతాకు కావలసినది డిసెంబరు 10 తేదీ తెచ్చిపెట్టింది, దాని ధర తర్వాతి మూడేళ్ల మరమ్మతులో చెల్లించవలసి వచ్చింది.

షేర్లు అమ్మే కంపెనీలన్నీ ఇలాగే చేస్తాయని తేల్చడం అన్యాయం. ఇదే సీడీ ప్రాజెక్ట్ అప్పటికే మార్కెట్లో నమోదై ఉండి, ద విచర్ 3 ఆటను 2014 నుంచి 2015 ఫిబ్రవరికీ, అక్కడి నుంచి మేకీ జరిపింది. ఆ వాయిదాలు ఆటకు మేలే చేశాయి. అప్పుడు కంపెనీ చిన్నది, దాని మీద పెట్టుకున్న ఆశలు కూడా చిన్నవి. రాక్‌స్టార్ అనే స్టూడియో ఆటలను ప్రచురించే టేక్-టూ ఇంకా పెద్ద ఉదాహరణ. గ్రాండ్ థెఫ్ట్ ఆటో 6ను 2025 నుంచి 2026 మే 26కు, మళ్లీ 2026 నవంబరు 19కి జరిపి, షేరు పడటాన్ని ఓర్చుకుంది. వెనక ఇతర ఆటల ఆదాయం ఉన్న కంపెనీకి ఆ ఓర్పు సాధ్యం; ఒకే ఆట మీద నిలబడ్డ కంపెనీకి అది తలకు మించిన భారం. లారియన్ స్టూడియోది మూడో దారి. చైనా కంపెనీ టెన్‌సెంట్‌కు సుమారు 30 శాతం వాటా ఉన్నా పగ్గాలు స్థాపకుడి చేతిలోనే ఉండటంతో, బాల్డర్స్ గేట్ 3ను 2020 అక్టోబరు నుంచి దాదాపు మూడేళ్లు ఆడేవారి కళ్ల ముందే దిద్దుకుంటూ 2023 ఆగస్టులో పూర్తి చేసింది. బయటి మదుపరి అసలు లేకపోవడమే మందు అని అనుకునేవారు స్టార్ సిటిజెన్ వైపు చూడాలి. 2012లో అభిమానుల చందాలతో మొదలై, 2014కు వస్తుందని చెప్పిన ఆ ఆట, 2018లో 4.6 కోట్ల డాలర్ల బయటి పెట్టుబడి తీసుకుని కూడా, 2025 ముగిసేనాటికి పూర్తి రూపంలో విడుదల కాలేదు. అడిగేవాడు లేని చోట గడువు ఎంతైనా సాగుతుంది. ఆలస్యం వల్ల అమృతమూ విషమవుతుందని పెద్దలు అన్నారు. ఆటల విషయంలో తొందర వల్ల కూడా అదే జరుగుతుంది, ఎంత ఆగాలో తేల్చగలిగేది మాత్రం ఆ పనిని చేతులతో చేస్తున్నవారే.

న్యాయంగా ఇంకొక మాట కూడా చెప్పాలి. ఈ ఆటను బాగుచేసిన డబ్బు కూడా ఆ మార్కెట్ కంపెనీదే. పేరు పోయిన ఆటను వదిలేసి కొత్తదానికి వెళ్లే దారి వారికి తెరిచే ఉంది. 2022 ఫిబ్రవరిలో కొత్త కన్సోళ్ల రూపం వచ్చింది, ఆ ఏడాది సెప్టెంబరుకు అమ్మకాలు 2 కోట్లు దాటాయి, 2024 నవంబరుకు 3 కోట్లకు చేరాయి. ఫాంటమ్ లిబర్టీ తయారీకే 27 కోట్ల జ్లోటీలకు పైగా ఖర్చయిందని కంపెనీ తన మదుపరులకు చెప్పింది. వాటాదారులు ఆ ఖర్చుకు అడ్డుపడలేదు. పోయిన నమ్మకం తిరిగి వస్తేనే తర్వాతి ఆట అమ్ముడవుతుందని వారికీ అర్థమైంది. మదుపరి ఓపిక చూపినప్పుడు ఈ బృందం ఏం చేయగలదో 2.0 చూపించింది. అందుకే తొలి రూపం మీద నా బాధ మరింత పెరిగింది. ఆ సమయాన్ని ముందే ఇచ్చి ఉంటే 2020లో డబ్బు కట్టినవారు కూడా నేను నడిచిన ఈ నగరంలోనే నడిచేవారు.

కొనదలచినవారికి నా సలహా సూటిగా చెబుతాను. ప్లేస్టేషన్ 5, కొత్త ఎక్స్‌బాక్స్, మంచి పీసీ, లేదా 2025 జూన్‌లో వచ్చిన స్విచ్ 2 ఉన్నవారు విస్తరణతో కలిపి కొనండి, తొందరపడకుండా ఆడండి. ముఖ్యకథను గబగబా ముగించవద్దు, పక్క కథలు చాలావరకు పూర్తయ్యాకే చివరి దారి ఎంచుకోండి. పాత ప్లేస్టేషన్ 4 మాత్రమే ఉన్నవారు తక్కువ ధరకు డిస్కు దొరికినా కొనవద్దు. 2022 సెప్టెంబరులో వచ్చిన 1.6 తర్వాత ఆ యంత్రాలకు పెద్ద మార్పులు ఆగిపోయాయి, 2.0 రాలేదు, ఫాంటమ్ లిబర్టీ రాలేదు. 2013లో ఈ ఆటను తొలిసారి చూపిన నాటి ఆశలన్నీ ఆ తరం యంత్రాల మీదే పెట్టుకున్నవి. ఆటకు నిజమైన రూపం వచ్చేసరికి ఆ యంత్రాలు జాబితాలో లేవు. కొత్త యంత్రం కొన్నవారికి మెరుగైన రూపాన్ని ఉచితంగానే ఇచ్చారు, యంత్రం మాత్రం వారే కొనుక్కోవాలి.

ఆ పాఠం కంపెనీకి ఎంతవరకు అందిందో తర్వాతి ఆటతో తెలుస్తుంది. ప్రచారాన్ని విడుదలకు బాగా దగ్గరగా మొదలుపెడతామని 2021 మార్చిలోనే ప్రకటించారు. ద విచర్ 4 గురించి 2025 మార్చిలో ఒక కాలసూచన బయటికి వచ్చింది: 2026 ముగిసేలోపు ఆ ఆటను విడుదల చేసే ఆలోచన లేదని. ఆ మాట ఆడేవారి కోసం జరిపిన ఏ ప్రదర్శనలోనూ రాలేదు. ఆర్థిక ఫలితాల సందర్భంగా, యాజమాన్యం ప్రోత్సాహక పథకంలోని లాభ లక్ష్యాన్ని మదుపరులకు వివరిస్తున్నప్పుడు వచ్చింది. ఎప్పుడు రాదో మాత్రమే చెప్పి, ఎప్పుడు వస్తుందో చెప్పకుండా ఊరుకున్నారు.